ఒకే చెట్టుకు ఇన్ని పేర్లా? అసంపూర్ణ వృక్ష శిలాజాల నామకరణంపై చర్చ

రాతిపుట

అందరికీ నమస్కారం. ఒక పాత శిలాజ సేకరణకు కొత్త పట్టిక రాసే పని నాకు అప్పగించారు. కార్బోనిఫెరస్ యుగపు బొగ్గు పొరల నుంచి వచ్చిన నాలుగు నమూనాలు ఒకే అరలో ఉన్నాయి. వజ్రాకారపు మచ్చలు వరుసలు తీరిన బెరడు ముద్ర ఒకటి. గుండ్రటి గుంటలున్న వేరు ముక్క ఒకటి. విరిగిన శంకువు ఒకటి. పై బెరడు ఊడిపోయాక లోపలి రూపం మాత్రమే నిలిచిన కాండం పోత (మట్టి నిండి గట్టిపడిన అచ్చు) ఒకటి. పాత చీటీల మీద నాలుగింటికీ లెపిడోడెండ్రాన్ అనే అంతరించిన చెట్టు పేరే ఉంది.

పుస్తకాల్లో చూస్తే బెరడుకు మాత్రమే ఆ పేరు. వేరుకు స్టిగ్మేరియా, శంకువుకు లెపిడోస్ట్రోబస్, బెరడు ఊడిన కాండానికి నోరియా. ఇవన్నీ ఒకే రకం చెట్టు భాగాలని అందరికీ తెలిసినప్పుడు ఇన్ని పేర్లు ఎందుకు? పాత చీటీలు ఉంచాలా, మార్చాలా?

దారురేఖ

మార్చాలి. "అందరికీ తెలిసినప్పుడు" అన్నారు కదా, చిక్కంతా అక్కడే ఉంది. ఈ నాలుగు భాగాలు ఎలాంటి చెట్లవో తెలుసు. మీ అరలోని వేరు మీ అరలోని బెరడు ఉన్న చెట్టుదేనా అన్నది మాత్రం ఎవరికీ తెలియదు.

స్టిగ్మేరియా వేర్లు లెపిడోడెండ్రాన్ మొదళ్ల కింద కనిపిస్తాయి, సిజిల్లేరియా మొదళ్ల కిందా కనిపిస్తాయి. రెండూ వేర్వేరు ప్రజాతులు, కాండం మీది మచ్చల అమరికలో పోలికే లేదు. అయినా వేర్లు విడిగా దొరికితే ఏది దేనిదో విడదీయడం చాలాసార్లు కుదరదు. గ్లాస్గోలో 1887లో బయటపడిన శిలాజ వనంలో 11 మొదళ్లు వేర్లతో సహా నిలబడి ఉన్నాయి. అక్కడ వేరు మొదలుకు అతుక్కునే ఉంది కాబట్టి సందేహం లేదు. వేల్స్ బొగ్గు గనుల్లో దాదాపు ప్రతి బొగ్గు పొర కింది బంకమట్టిలోనూ స్టిగ్మేరియా ఉంటుందని విలియం లోగన్ 1840 ప్రాంతంలోనే గమనించారు. అంటే ఆ మట్టి ఆ చిత్తడి అడవి వేళ్లూనిన నేల. కానీ ఆ నేలలో ఎన్ని రకాల చెట్లు నిలిచాయో వేరు ఒక్కటే చెప్పలేదు.

నోరియా సంగతి ఇంకా స్పష్టం. అది భాగం పేరు కూడా కాదు, నిలిచిన స్థితి పేరు. బెరడు ఎంత లోతుగా ఊడిందో దాన్నిబట్టి కాండం రూపం మారుతుంది. వేర్వేరు ప్రజాతుల కాండాలు ఊడిపోయి ఒకే నోరియా రూపానికి చేరతాయి. దాని మీద లెపిడోడెండ్రాన్ అని రాస్తే, రాయి చెప్పని సంగతి చీటీ చెప్పినట్టవుతుంది.

వనచిత్రం

నేను దీనికి పూర్తిగా ఒప్పుకోను. నేను పురాతన అడవుల కూర్పు మీద పని చేస్తాను. చెట్టు చచ్చి కూలితే ఆకులు ఒక పేరు, కాండం ఒక పేరు, వేరు ఒక పేరు, శంకువు ఒక పేరు, అందులోని సిద్ధబీజాలు (స్పోర్లు) ఇంకో పేరు. ఒక ప్రాంతపు శిలాజాల జాబితా చూసి "ఇక్కడ ఇన్ని జాతుల మొక్కలు బతికాయి" అని లెక్కవేసేవారు ఒకే చెట్టును అయిదుసార్లు లెక్కపెడుతున్నారు. ప్రకృతిలో బతికింది చెట్టు, భాగాలు కాదు. వర్గీకరణ చెట్టును వర్గీకరించాలి. భాగాలకు పేర్లు పెట్టి అక్కడితో ఆగిపోవడం సగం పని.

బీజరేణువు

వనచిత్రం గారూ, లెక్క విషయంలో మీరన్నది నిజం. కానీ దానికి మందు పేర్లు కలపడం కాదు, ఒకే భాగాన్ని లెక్కపెట్టడం. ఆకులైతే ఆకులే, సిద్ధబీజాలైతే సిద్ధబీజాలే.

మా రంగంలో ఇది రోజూ ఎదురయ్యే సమస్య. లైకోస్పోరా అనే సిద్ధబీజం ఆ కాలపు బొగ్గులో విస్తారంగా దొరుకుతుంది. అది శంకువుల లోపల ఉండగానే కూడా దొరికింది, కాబట్టి ఎలాంటి చెట్లవో తెలుసు. అయితే అవి ఒక్క ప్రజాతి శంకువులు కావు. లెపిడోడెండ్రాన్‌కు దగ్గరి చుట్టాలైన వేరే చెట్లూ లైకోస్పోరానే విడిచాయి. ఇప్పుడు బొగ్గు ముక్కను ఆమ్లంలో కరిగించి సూక్ష్మదర్శిని కింద పెడితే వేల రేణువులు కనిపిస్తాయి. వాటికి ఏ చెట్టు పేరు పెట్టమంటారు?

నియమపాఠి

నియమావళి ఏం చెబుతుందో కూడా చూద్దాం. శైవలాలు, శిలీంధ్రాలు, మొక్కల అంతర్జాతీయ నామకరణ నియమావళి ఈ ఇబ్బందిని గుర్తించింది. ఒకే జీవికి చెంది ఉండవచ్చని అనుకున్నా సరే, వేర్వేరు భాగాలకు, జీవితచక్రంలోని వేర్వేరు దశలకు, వేర్వేరు నిలిచిన స్థితులకు విడివిడి శిలాజ పేర్లు వాడవచ్చని అది స్పష్టంగా అనుమతిస్తుంది. బతికి ఉన్న మొక్కకు ఈ వెసులుబాటు లేదు, దానికి సరైన పేరు ఒక్కటే.

ఒకప్పుడు దీన్ని రెండుగా విడదీసేవారు. ఫలానా కుటుంబానికి చెందుతుందని చెప్పగలిగిన భాగానికి పెట్టేది అవయవ ప్రజాతి, కుటుంబం తెలియక ఆకారాన్నిబట్టి పెట్టేది రూప ప్రజాతి. ఈ గీత నిలబడలేదు. నిన్న కుటుంబం తెలియని ఆకుకు రేపు కుటుంబం తెలుస్తుంది, అప్పుడల్లా పేరు హోదా మారాలా? ఆ విభజనను వదిలేశారు. 2011 మెల్‌బోర్న్ అంతర్జాతీయ వృక్షశాస్త్ర సమావేశం తర్వాత "శిలాజ వర్గం" అన్న ఒక్క భావనే మిగిలింది. ఏ భాగం, ఏ దశ, ఏ స్థితి అన్నది వర్ణన రాసినవారు చెప్పిన దాన్నిబట్టి తేలుతుంది, తర్వాత వచ్చినవారు దాన్ని విస్తరించవచ్చు కూడా.

జీవితచక్ర దశలకు మంచి ఉదాహరణ స్కాట్లండ్‌లోని రైనీ చెర్ట్ అనే శిలాజాల రాయి. అక్కడి అగ్లాఫైటాన్ సిద్ధబీజదానికి (సిద్ధబీజాలు విడిచే దశకు) పెట్టిన పేరు. అదే మొక్క సంయోగబీజద దశ (లింగ కణాలు తయారయ్యే దశ) విడిగా దొరికి లయనోఫైటాన్ అయింది. రెండూ ఒకే మొక్కవని ఇప్పుడు బలంగా నమ్ముతున్నారు, రెండు పేర్లూ వాడుకలోనే ఉన్నాయి.

తొలిపొర

నేను ఈ విషయానికి కొత్త. ఆకు ఒక చోట, కాండం ఒక చోట దొరికితే అవి ఒకే మొక్కవని అసలు ఎలా తేలుస్తారు? పక్కపక్కన దొరికితే చాలా?

దారురేఖ

పక్కపక్కన దొరకడం సూచన మాత్రమే. ఒక ఏరు పది రకాల చెట్ల ఆకులను మోసుకొచ్చి ఒకే మడుగులో వదిలేయగలదు. అయితే ఆ రెండూ చాలా చోట్ల, ప్రతిసారీ కలిసే దొరుకుతూ, మూడోది ఏదీ తోడు రాకపోతే సూచన బలపడుతుంది. అన్నిటికన్నా గట్టి రుజువు ఒకదానికొకటి అతుక్కుని దొరకడం. అది అరుదు. ఈ రెంటికీ మధ్య ఉన్న దారి లోపలి నిర్మాణంలో పోలిక. ఈ శాస్త్రంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథ ఆ దారిలోనే జరిగింది.

కార్బోనిఫెరస్ పొరల్లో ఫెర్న్ ఆకుల్లాంటివి కుప్పలుగా దొరికేవి. సహజంగానే వాటిని ఫెర్న్‌లు అన్నారు. ఫెర్న్‌కు విత్తనాలు ఉండవు. అదే రాళ్లలో లాజినోస్టోమా లోమాక్సీ అనే విత్తనం విడిగా దొరికేది, దాని తల్లి ఎవరో తెలియదు. ఫ్రాన్సిస్ ఆలివర్, డ్యూకిన్‌ఫీల్డ్ స్కాట్ ఆ విత్తనాన్ని చుట్టుకుని ఉన్న గిన్నెలాంటి తొడుగును పలుచటి కోతల్లో పరిశీలించారు. దాని మీద చిన్న తల ఉన్న గ్రంథులు కనిపించాయి. సరిగ్గా అలాంటి గ్రంథులే లిజినాప్టెరిస్ అనే కాండం మీద, దాని ఆకు కాడల మీద ఉన్నాయి. ఆ పొరల్లోని మరే మొక్కకూ అవి తెలియవు. విత్తనం, కాండం, ఫెర్న్‌లాంటి ఆకు ఒకే మొక్కవని 1903లో వారు ప్రకటించారు. విత్తనం కాడకు అతికి దొరకలేదు, గ్రంథులే సాక్ష్యం. ఫెర్న్ ఆకులతో విత్తనాలు కాసే ఒక పెద్ద సమూహం ఉండేదని ప్రపంచానికి తెలిసింది అలా.

అతుక్కుని దొరికిన ఉదాహరణ ఆర్కియోప్టెరిస్. డెవోనియన్ యుగపు ఆ ఆకులకు డాసన్ 1871లో ఆ పేరు పెట్టారు. సిద్ధబీజాలతో వ్యాప్తి చెందుతుంది కాబట్టి ఫెర్న్ అనుకున్నారు. అదే కాలపు దారువుకు జలెస్కీ 1911లో కాలిక్సైలాన్ అని పేరు పెట్టారు. అది శంకువృక్షాల కలపలా ఉంటుంది కాబట్టి వివృతబీజం (కాయలో దాగని విత్తనాలు కాసే మొక్క) అనుకున్నారు. 1960లో చార్లెస్ బెక్ న్యూయార్క్ రాష్ట్రంలో దొరికిన ఒకే నమూనాలో ఆర్కియోప్టెరిస్ ఆకుల కొమ్మ, కాలిక్సైలాన్ దారువు కలిసి ఉన్నాయని చూపించారు. వివృతబీజాల కలపతో, సిద్ధబీజాలతో బతికిన చెట్టు! అలాంటి మొక్కల కోసం పూర్వ వివృతబీజాలు అనే కొత్త సమూహాన్నే ఏర్పరచాల్సి వచ్చింది.

వనచిత్రం

ఈ రెండు కథలూ నా వాదనకే బలం. కలిపితేనే కదా అసలు సంగతి బయటపడింది! 1960లో కలిశాక కూడా కాలిక్సైలాన్ పేరు ఎందుకు మిగిలింది?

నియమపాఠి

కలపడాన్ని ఎవరూ కాదనడం లేదు. పునర్నిర్మించిన చెట్టును ఆర్కియోప్టెరిస్ అనే పిలుస్తున్నారు, ముందు పెట్టిన పేరు అదే. కానీ బెక్ చూపింది ఒక ఆకు జాతికీ ఒక దారువు జాతికీ ఉన్న బంధం. కాలిక్సైలాన్ కింద వర్ణించిన జాతులు ఇంకా ఉన్నాయి, ఆర్కియోప్టెరిస్‌లోనూ ఉన్నాయి. ఏ దారువు ఏ ఆకుతో జత అన్నది ప్రతిదానికీ తెలియదు. ఆకుల జాడ లేని చోట ఒక దుంగ దొరికితే దాన్ని కాలిక్సైలాన్ అనడమే నిజాయితీ. ఆ దుంగ పెరిగిన చెట్టు ఆర్కియోప్టెరిస్ లాంటిదని వివరణలో రాయవచ్చు, రాయాలి కూడా.

పత్రరంధ్రం

ఆకుల గురించి ఎవరూ అడగలేదు కాబట్టి నేనే చెబుతాను. పేరు పెట్టడంలో అన్నిటికన్నా ఎక్కువ మోసం చేసేది ఆకు ఆకారం.

మెసోజోయిక్ పొరల్లో నిల్సోనియా, టెరోఫిల్లమ్ అనే ఆకులు ఉన్నాయి. రెండూ చీలికలున్న పొడవాటి ఆకులు, సైకస్ ఆకుల్ని తలపిస్తాయి. ముద్ర మాత్రమే మిగిలిన రాతిలో వీటిని వేరుచేయడం చాలా కష్టం. అవభాసిని (ఆకు మీది మైనపు పొర, క్యూటికల్) నిలిచిన నమూనాను ఆమ్లంలో శుభ్రం చేసి సూక్ష్మదర్శిని కింద చూస్తే పత్రరంధ్రాలు వేరుగా ఉంటాయి. ఒకదానిలో రక్షక కణాలు, వాటి పక్క కణాలు ఒకే తల్లి కణం నుంచి పుట్టిన అమరిక. రెండోదానిలో అలా కాదు. ఆ తేడా వల్ల టెరోఫిల్లమ్ బెన్నెటైటేలిస్ అనే అంతరించిన సమూహానికి, నిల్సోనియా సైకడ్‌ల (సైకస్ చుట్టాల) వైపుకు వెళ్లాయి. ఆకారంలో కవలలు, బంధుత్వంలో దూరం. అవభాసిని లేని ముద్ర దొరికితే నేను ప్రజాతి దగ్గరే ఆగి, ప్రశ్నార్థకం పెడతాను.

బ్రాకీఫిల్లమ్ ఇంకో పాఠం. కొమ్మను అంటిపెట్టుకున్న పొలుసుల్లాంటి ఆకులుంటే ఆ పేరు. ఆ రూపం అరకేరియేసి కుటుంబంలోనూ ఉంది, అంతరించిన కైరోలెపిడియేసి కుటుంబంలోనూ ఉంది. కాబట్టి ఆ పేరు కుటుంబాన్ని చెప్పదు, కొమ్మ ఎలా కనిపిస్తుందో మాత్రమే చెబుతుంది. అంతవరకు అది చాలా ఉపయోగపడే పేరు. సెవార్డ్ 1919లో పెట్టిన జింకోయిటిస్ వెనుకా ఇదే జాగ్రత్త ఉంది. జింకోను పోలిన ఆకే దొరికి, విత్తనాలు దొరకనప్పుడు అది నేటి జింకో ప్రజాతే అని తేల్చేయకుండా వాడే పేరు అది.

బీజరేణువు

గ్లాసోప్టెరిస్ కూడా చేర్చండి. నాలుకలాంటి ఆకు, వల అల్లిన ఈనెలు. బ్రాన్యార్ 1828లో ఆ ప్రజాతిని స్థాపించారు. ఈనెల వలలో చిన్న చిన్న తేడాలు పట్టుకుని ఎన్నో జాతులు రాశారు. ఒకే చెట్టు మీద లేత ఆకు, ముదురు ఆకు, ఎండలో ఆకు, నీడలో ఆకు ఒకేలా ఉండవని మనకు తెలుసు. అందుకే ఆ జాతుల సంఖ్యను నేను చెట్ల సంఖ్యగా ఎప్పుడూ తీసుకోను. దాని వేరుకు వెర్టిబ్రేరియా అన్న విడి పేరే ఇప్పటికీ ఉంది.

తొలిపొర

మరి పేరులోనే తప్పు ఉంటే? పెట్టినప్పుడు ఒకటి అనుకుని, తర్వాత కాదని తేలితే మారుస్తారా?

నియమపాఠి

మార్చరు. పేరు అర్థం తగినట్టు లేదన్న కారణంతో దాన్ని తిరస్కరించకూడదని నియమం.

న్యూయార్క్ రాష్ట్రంలోని గిల్బోవాలో పందొమ్మిదో శతాబ్దంలోనే చెట్ల మొదళ్లు దొరికాయి. వాటికి 1924లో వినిఫ్రెడ్ గోల్డ్‌రింగ్ ఇయోస్పెర్మటాప్టెరిస్ అని పేరు పెట్టారు. విత్తన ఫెర్న్ అన్న ఊహ ఆ పేరులోనే ఉంది. 2007లో అదే రాష్ట్రం నుంచి పై కొమ్మలతో సహా ఉన్న కాండాన్ని స్టైన్, ఆయన సహచరులు ప్రచురించారు. పై భాగం అంతకుముందే వాట్టీజా అన్న పేరుతో తెలిసినది. దానికి విత్తనాలు లేవు, సిద్ధబీజాలతో వ్యాప్తి చెందే చెట్టు అది. సుమారు 38.5 కోట్ల ఏళ్ల నాటిది. మొదలు ఇప్పటికీ ఇయోస్పెర్మటాప్టెరిస్ అనే పిలువబడుతోంది.

ప్రోటోటాక్సైటిస్ ఇంకా పెద్ద ఉదాహరణ. డాసన్ 1859లో దాన్ని శంకువృక్షపు కుళ్లిన కలప అనుకున్నారు. 2001లో హ్యూబర్ అది శిలీంధ్రమని వాదించారు. అదేమిటన్న దాని మీద వాదన నడుస్తూనే ఉంది. ఆ వాదన అంతా ఒకే పేరు మీద జరగడం వల్లే 1859 నుంచి రాసినదంతా ఒకచోట దొరుకుతోంది.

పేరు నమూనాకు కట్టుబడి ఉంటుంది, అభిప్రాయానికి కాదు. అందుకే శిలాజ జాతికి మూల నమూనా ఎప్పుడూ ఒక భౌతిక నమూనాయే. 1912 నుంచి బొమ్మ లేకుండా కొత్త శిలాజ పేరు చెల్లదు. 2001 నుంచి ఆ బొమ్మల్లో కనీసం ఒకటి మూల నమూనాదే అయి, ఆ సంగతి చెప్పి ఉండాలి. శిలాజ మొక్కల పేర్ల లెక్క 1820 డిసెంబరు 31 నుంచి, అంటే స్టెర్న్‌బెర్గ్ గ్రంథంతో మొదలవుతుంది.

వనచిత్రం

సరే, విడి పేర్ల అవసరాన్ని నేను కాదనను. నా బాధ వేరు. పేర్లు పెట్టి ఊరుకుంటే పునర్నిర్మాణం ఎవరు చేస్తారు? బీర్బల్ సాహ్ని రాజమహల్ కొండల శిలాజాలతో చేసింది చూడండి. నిపానియాలో దొరికిన పెంటాక్సైలాన్ కాండాలు, నిపానియోఫిల్లమ్ ఆకులు, కార్నోకోనైటిస్ అనే విత్తన శంకువులు అన్నీ విడి పేర్లతో ఉన్నాయి. 1948లో ఆయన వాటిని కలిపి పెంటాక్సైలే అనే అంతరించిన సమూహాన్ని ప్రతిపాదించారు. ఒకే కాండంలో చాలాసార్లు అయిదు దారు స్తంభాలు వలయంగా ఉండే అలాంటి మొక్క నేడు ఎక్కడా లేదు. అంతకుముందే 1932లో బక్‌లాండియా కాండం, టిలోఫిల్లమ్ ఆకులు, విలియమ్‌సోనియా పుష్పాలను కలిపి విలియమ్‌సోనియా సెవార్డియానా చెట్టు మొత్తాన్ని గీసి చూపించారు. శాస్త్రం ముందుకు వెళ్లింది ఆ సాహసంతోనే.

దారురేఖ

ఆ సాహసానికి నేనూ నమస్కరిస్తాను. అయితే పెంటాక్సైలాన్ కథలో విడి పేర్లు ఉండటం వల్లే ఏ బంధం ఎంత గట్టిదో నేటికీ విడిగా పరీక్షించగలుగుతున్నాం. ఆకుకూ కాండానికీ మధ్య సాక్ష్యం ఒక రకం, శంకువుకు ఇంకో రకం. రేపు వేరే చోట ఆ ఆకులాంటిదే వేరే కాండంతో దొరికితే ఒక్క ముడి విప్పితే చాలు. మొదట్లోనే అన్నిటికీ ఒకే పేరు పెట్టి ఉంటే మొత్తం అల్లిక విప్పాలి.

పత్రరంధ్రం

పుష్పించే మొక్కల ఆకుల విషయంలో తొందరపాటు ఎంత నష్టం చేసిందో కూడా చెప్పాలి. పందొమ్మిదో శతాబ్దంలో క్రెటేషియస్, టెర్షియరీ ఆకులను పైరూపం చూసి ఫైకస్ (మర్రి, రావిల ప్రజాతి), పాపులస్ వంటి నేటి ప్రజాతుల్లో వేసేశారు. ఫైకస్ అనగానే ఆ చోట ఉష్ణమండల వాతావరణం ఉండేదని ఊహ మొదలవుతుంది. పేరు తప్పయితే వాతావరణమూ తప్పే. తర్వాత సన్న ఈనెల వలను, అంచు పళ్లను, అవభాసినిని క్రమంగా చూసే పద్ధతి వచ్చాక అలాంటి పేర్లు ఎన్నో కూలిపోయాయి. నేటి ప్రజాతి పేరు శిలాజానికి పెట్టడం అన్నిటికన్నా పెద్ద ప్రకటన. అంత సాక్ష్యం చేతిలో ఉంటేనే చేయాలి.

రాతిపుట

అందరికీ కృతజ్ఞతలు. ఇదంతా చదివాక చీటీలు ఇలా రాద్దామనుకుంటున్నాను:

బెరడు ముద్ర: లెపిడోడెండ్రాన్, జాతి నిర్ధారించలేదు.
వేరు: స్టిగ్మేరియా ఫైకోయిడిస్.
శంకువు: లెపిడోస్ట్రోబస్, జాతి నిర్ధారించలేదు.
బెరడు ఊడిన కాండం: నోరియా.

సరేనా?

బీజరేణువు

శంకువు దగ్గర ఆగండి. లోపల సిద్ధబీజాలు ఒకే పరిమాణంలో ఉన్నాయా, చిన్నవీ పెద్దవీ రెండూ ఉన్నాయా? ఇప్పటి వాడుకలో లెపిడోస్ట్రోబస్ అంటే చిన్న సిద్ధబీజాలు మాత్రమే ఉన్న శంకువు. రెండు రకాలూ ఉంటే ఫ్లెమింజైటిస్. విరిగిన శంకువు ముద్రలో అది కనిపించకపోవచ్చు. అలాంటప్పుడు లెపిడోస్ట్రోబస్ ముందు "పోల్చదగినది" అన్న సంకేతం పెట్టి, సిద్ధబీజాలు చూడలేదని రాయండి.

నియమపాఠి

ప్రతి చీటీ మీద భాగం, నిలిచిన స్థితి కూడా రాయండి: "బెరడు, ముద్ర", "కాండం, పోత". దొరికిన పొర తెలిస్తే అదీ రాయండి. నిర్ధారించింది ఎవరో, ఏ సంవత్సరమో తప్పనిసరి. ఈ నాలుగూ ఒకే చెట్టువి కావచ్చునన్న అభిప్రాయం ఉంటే అది పట్టికలోని వ్యాఖ్యల గడిలో ఉండాలి, పేరు గడిలో కాదు.

వనచిత్రం

వ్యాఖ్యల గడి ఖాళీగా వదలకండి, దయచేసి. నాలుగూ ఒకే పొరలో దొరికాయా లేదా అన్నది నాలాంటివాళ్లకు పేరుకన్నా విలువైన సమాచారం.

రాతిపుట

పాత సేకరణ పుస్తకం తిరగేశాను. బెరడు, వేరు, నోరియా ఒకే గని నుంచి ఒకే వరుస సంఖ్యల్లో ఉన్నాయి. శంకువు వేరే సేకరణ నుంచి తర్వాత చేరింది. భూతద్దంతో శంకువులో సిద్ధబీజాలు కనిపించలేదు.

దారురేఖ

అయితే శంకువును ఆ అరలోంచి తీసి విడిగా పెట్టండి. పాత చీటీలు మాత్రం పారేయవద్దు, కొత్త చీటీ వెనుకే ఉంచండి. లెపిడోడెండ్రాన్ అని ఎవరు, ఎప్పుడు అన్నారో తెలియడం కూడా ఆ నమూనా చరిత్రలో భాగమే.